పక్కింట్లో మన స్విచ్

రాత్రి ఒక గ్లాసు పాలు తాగి, తెల్లవార్లూ కడుపుబ్బరంతో మేలుకున్న పౌరుడిగా ఈ వ్యాసం రాస్తున్నాను. తప్పు పాలవాడిది కాదట. (పాపం, పదేళ్లుగా అతన్నే అనుమానించాను.) తప్పు నా చిన్నపేగుది.

పాలలో ఉండే చక్కెర లాక్టోజ్. దాన్ని ముక్కలు చేసే ప్రోటీన్ లాక్టేజ్. దాన్ని ఎలా తయారుచేయాలో రాసిన జీన్ రెండో క్రోమోజోమ్ మీద ఉంది. నాన్న ఇచ్చింది ఒకటి, అమ్మ ఇచ్చింది ఒకటి. మోకాలి చిప్ప కణాల్లోనూ ఆ జీన్ ఉంది, అక్కడ దానికేం పనో నన్నడక్కండి. దాన్ని తెరిచి చదివేది మాత్రం చిన్నపేగు లోపలి పొర కణాలే.

చదివే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. జీన్ అసలు కాపీ, కణంలో దాన్ని దాచిన గది అయిన కేంద్రకం గడప దాటదు. లోపలే ఆర్‌ఎన్‌ఏ నకలు తీస్తారు. అందులో పనికొచ్చేవి 17 ముక్కలే కాబట్టి, మధ్యలోవన్నీ కత్తిరించి, ఆ ముక్కల్ని అతికించి బయటికి పంపుతారు. అక్కడ ప్రోటీన్లు తయారుచేసే యంత్రం రైబోజోమ్ ఆ నకలులోని రసాయన అక్షరాలను మూడేసి చొప్పున చదువుతూ, మూడింటికొక అమైనో ఆమ్లం (ప్రోటీన్‌కు పూస లాంటిది) చొప్పున 1927 పూసల దండ గుచ్చుతుంది. ఇంత చేశాక అందులో దాదాపు సగం తెంపి పారేసి మిగతాది వాడతారు. మన పెళ్లి భోజనాల్లో కూడా ఇంత వృథా ఉండదు!

నా పసితనంలో ఈ పని జోరుగా సాగింది. తల్లిపాలు మానిన కొన్నేళ్లకు నకళ్లు తీయడం బాగా తగ్గించేశారు. జీన్ భేషుగ్గా ఉంది, చదివే దిక్కే లేదు. ఇది ఎవరి ఆదేశం?

2002లో ఫిన్లాండ్ పరిశోధకులు ఆరా తీస్తే, స్విచ్ అసలు ఆ జీన్‌లోనే లేదు. దాదాపు 14 వేల డీఎన్‌ఏ అక్షరాల అవతల, పక్కింటి ఎంసీఎం6 జీన్‌లో దొరికింది. అదీ, నకలు తీశాక ఆ ఇంటివాళ్లు కత్తిరించి పారేసే భాగంలో! ఆ ఎంసీఎం6కి పాలతో ఏ సంబంధమూ లేదు. కణం రెండయ్యే ముందు డీఎన్‌ఏ పేటలు విప్పడం దాని ఉద్యోగం. మా ఇంటి లైటు స్విచ్ పక్కవాళ్ల గోడకు, అదీ వాళ్ల చెత్తబుట్ట వెనకాల బిగించారన్నమాట.

ఆ చోట సి బదులు టి అనే అక్షరముంటే ముసలితనంలోనూ పాలు అరుగుతాయి. ఉత్తర యూరప్‌లో ఎక్కువమందికి ఉంది. మన దేశంలో ఉత్తరాదిన కాస్త ఎక్కువ, దక్షిణాదికి వచ్చేకొద్దీ తక్కువ. ఇందులో కేంద్రం వివక్ష స్పష్టం. కేంద్రం అంటే కేంద్రకమే, వేరే అర్థాలు తీయొద్దు.

ఈలోగా మన పెద్దలు పనిని కాంట్రాక్టుకిచ్చేశారు. తోడుతో వచ్చిన బ్యాక్టీరియాకు లాక్టోజ్‌ను కోసే సొంత ఎంజైమ్ ఉంది. రాత్రికి రాత్రే కొంత తినేస్తాయి, పెరుగుతోపాటు పేగులోకి వెళ్లాక ఇంకొంత కోసిపెడతాయి. జీతం కూడా ఆ లాక్టోజే.

ఇదంతా విన్న మా ఆవిడ, "అయితే రేపట్నుంచి మీకు పాలు బంద్, మజ్జిగే" అంది. మరి కాఫీ సంగతేమిటని అడగడానికి ధైర్యం చాల్లేదు.