కాణిపాకం కథలో మనం దాటేస్తున్న సగం

కాణిపాకం స్థలపురాణం మన చిత్తూరు ప్రాంతంలో తెలియని వారుండరు. విహారపురి అనే ఊళ్లో ముగ్గురు అన్నదమ్ములు ఉండేవారు. ఒకరికి చూపు లేదు, ఒకరికి మాట రాదు, ఒకరికి వినపడదు. కాణి భూమి సాగు చేసుకుని బతికేవారు. బావిలో నీళ్లు ఇంకిపోతే లోతు చేయడానికి దిగినప్పుడు పార రాయికి తగిలి నెత్తురు చిమ్మింది, ఆ నెత్తురు సోకి ముగ్గురి లోపాలూ పోయాయి, స్వామి వెలిశాడు. ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. కానీ చెప్పేవారు ప్రతిసారీ మొదటి రెండు మాటలను గబగబా దాటేసి నెత్తురు దగ్గరికి వచ్చి ఆగుతారు.

నాకు ఆ దాటేసిన భాగమే కావాలి. ఆ అన్నదమ్ములు బావి నీళ్లను ఏతంతో, అంటే బావి గట్టున పైకీ కిందికీ ఊగే పొడవాటి మానుతో తోడేవారు. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఏతం మాను మీద నడిచే వాడికి, నీళ్లు ఒంపే వాడికి, పొలం కాలువలో మడవ కట్టే వాడికి ఒకే లయ కుదరాలి. ఒకరు పిలవలేరు, ఒకరు ఆ పిలుపు వినలేరు, ఒకరు సైగ చూడలేరు. అయినా పొలం తడిసింది, పంట పండింది, ముగ్గురూ ఒకే ఇంట కలిసి తిన్నారు. తాడు లాగి చెప్పుకున్నారో, భుజం తట్టి చెప్పుకున్నారో తెలియదు గానీ, తమకంటూ ఒక భాష కల్పించుకోకుండా ఆ సేద్యం సాగి ఉండదు. స్వామి వెలిసే నాటికే ఆ బావి గట్టున మంచి జీవితం నడుస్తూ ఉంది. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు దయచేసి అక్కడ కాసేపు ఆగండి.

ఇంత పట్టుదలగా అడగడానికి కారణం మా మేనత్త. పసితనంలో పోలియో వచ్చి ఆమె ఎడమ కాలు చచ్చుబడింది. తిరుపతి కొర్లగుంటలో జాకెట్లు కుట్టి, ఇద్దరు పిల్లలను చదివించింది. ఒక ఏడాది తిరుచానూరు కార్తీక బ్రహ్మోత్సవాలకు ఆమెతో పాటు నేనూ వెళ్లాను. క్యూలో పక్కనున్న ఒక పెద్దావిడ ఆమె కాలి వంక చూసి, "ఏ జన్మలో చేసిన పాపమో, అమ్మవారిని గట్టిగా వేడుకో తల్లీ, నడిపిస్తుంది" అంది. అత్త నెమ్మదిగా, "కాళ్లు అడిగేదానికి రాలేదక్కా, అమ్మకు ఈ పొద్దు ఏం చీర కట్టినారో చూసేదానికి వచ్చినాను" అని చెప్పింది. అత్తకు కోపం రాలేదు. నాకు వచ్చింది, అది ఇప్పటికీ తగ్గలేదు.

వైకల్యానికి గత జన్మ పాపమే కారణమని తేల్చేవారు భారతంలో అరణ్యపర్వం తెరిచి అష్టావక్రుడి కథ చదవాలి. తల్లి కడుపులో ఉండగానే తండ్రి వేదపఠనంలో తప్పు ఎత్తి చూపినందుకు ఆ తండ్రే శపించాడు. బిడ్డ ఒళ్లు ఎనిమిది వంకరలు పోయింది పెద్దవాడి కోపం వల్లే గాని బిడ్డ చేసిన పాపం వల్ల కాదు. పన్నెండో ఏట ఆ పిల్లవాడు జనకుడి సభకు వెళ్లి, వంది అనే ఆస్థాన పండితుణ్ని వాదంలో గెలిచి, అంతకుముందు అతడి చేతిలో ఓడి నీట మునిగిన అదే తండ్రిని విడిపించి తెచ్చాడు. సమంగా నదిలో స్నానం చేసి ఒళ్లు చక్కబడటం ఆ తరువాతి సంగతి. సభలో గెలిచింది వంకర ఒంటితోనే.

అన్నిటికంటే నేను ఎక్కువగా చెప్పాలనుకునేది మనకు కూతవేటు దూరంలోని కంచికి చెందిన కథ. రామానుజుల శిష్యుడు కూరత్తాళ్వాన్ గురువును కాపాడబోయి చోళరాజు ఆగ్రహానికి కళ్లు పోగొట్టుకున్నారని వైష్ణవ ఆచార్యుల చరిత్ర అయిన గురుపరంపర చెబుతుంది. కంచి వరదరాజస్వామిని చూపు అడగమని రామానుజులే ఆయనను పంపారు. ఆయన స్తుతించి, తనకు ఈ గతి పట్టడానికి కారకుడైన నాలూరానుకు మోక్షం అడిగి వచ్చారు. గురువు చెప్పినా చూపు అడగని ఆ మనిషిని తలుచుకున్నప్పుడల్లా నాకు తిరుచానూరు క్యూ గుర్తొస్తుంది. ఆయన అప్పుడు చేసిన ఆ స్తుతి, వరదరాజస్తవం, అర్థ తాత్పర్యాలతో దొరికితే తప్పక చదవండి.

సినిమా కావాలంటే 1986లో వచ్చిన విశ్వనాథ్ గారి 'సిరివెన్నెల' చూడండి. చూపు లేని వేణుగాన విద్వాంసుడు, మాట రాని చిత్రకారిణి అందులో జాలికి పాత్రలు కారు, కళకు పాత్రలు. హరిప్రసాద్ చౌరాసియా వేణువు కోసమైనా చూడవచ్చు.

కూరత్తాళ్వాన్ కథను నేను అత్తకు చదివి వినిపించినప్పుడు ఆమె మిషను ఆపి అంతా విన్నది. మోక్షం గురించి ఏమీ అడగలేదు. "కండ్లు పోయినాక ఆయన పద్యాలు చెప్తా ఉంటే, పక్కన కూర్చోని రాసిపెట్టింది ఎవురు నాయనా?" అని అడిగింది. ఇన్నేళ్లుగా నేను విన్న ఏ ప్రవచనంలోనూ ఆ ప్రశ్న వేసిన వారు లేరు.