కార్డు ‘పోయింది’ అంటారు, ‘తీసేశాం’ అనరు

రేషన్ షాపులో డీలర్ ఈపాస్ మెషిన్‌లో కార్డు నంబర్ కొడతాడు, ఏమీ రాదు, మళ్లీ కొడతాడు, తర్వాత తలెత్తకుండానే "నీ కార్డు పోయిందమ్మా, సిస్టమ్ తీసేసింది" అంటాడు. తీసేసింది అట! తీసేశారు కాదు, తీసేశాం అయితే అసలే కాదు. ఆ ఒక్క క్రియలోనే బాధ్యత మాయమైపోతుంది.

తెలంగాణలో 2016 నుంచి ఇలా రద్దయిన కార్డులు 19 లక్షల దాకా ఉన్నాయి, ఇంటికొచ్చి చూడకుండా కంప్యూటర్ లెక్క మీదే తీసేశారని కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2022 ఏప్రిల్‌లో కోర్టు ఫీల్డ్‌కి వెళ్లి మళ్లీ చెక్ చేయమంది. దీని వెనకున్న సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ పని ఏంటంటే వేర్వేరు శాఖల రికార్డుల్లో పేర్లూ అడ్రస్‌లూ కలిపి చూసి ఇద్దరూ ఒకరేనా కాదా అని అంచనా కట్టడం. అంచనా అండీ, రుజువు కాదు. హైదరాబాద్‌లో ఒకావిడ భర్త రిక్షా తొక్కి బతికిన మనిషి, ఆయన పేరు మీద కారుందని కార్డు ఇవ్వలేదు, తీరా చూస్తే ఆ కారు దగ్గర దగ్గరగా అదే పేరున్న ఇంకెవరిదో. మన దగ్గర ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఊరికి పదిమందికి ఉంటుంది, ఆ సంగతి రేషన్ డీలర్‌కి తెలుసు, సాఫ్ట్‌వేర్‌కి తెలీదు. పైగా కారు లేదని నిరూపించుకోవాల్సింది ఆవిడే. లేని కారుకి సర్టిఫికెట్ ఎవరిస్తారు?

మెషిన్ తప్పు చేస్తే దాన్నే శిక్షించాలా అనేది నాకైతే టైంపాస్ ప్రశ్న, దానికి జీతం లేదు, జైలు లేదు, సిగ్గు అసలే లేదు. తప్పుని మెషిన్ మీదకి నెట్టేయాలని ఎయిర్ కెనడా అనే విమాన కంపెనీ ట్రై చేసింది, చాట్‌బాట్ టికెట్ రూల్ తప్పు చెబితే దాని మాటలకి అదే బాధ్యురాలు అన్నట్టు వాదించింది, 2024లో అక్కడి ట్రైబ్యునల్ ఒప్పుకోలేదు, డబ్బు కట్టించింది. అదేమో టికెట్ డబ్బులు కాబట్టి తేలిగ్గా తేలింది. 2018లో అరిజోనాలో ఊబర్ వాళ్లు టెస్ట్ చేస్తున్న, తనంతట తానే నడిచే కారు గుద్ది ఒకావిడ చనిపోతే, కేసు పడింది కారుని గమనించడానికి సీట్లో కూర్చున్న ఆపరేటర్ మీద, కంపెనీ మీద క్రిమినల్ కేసే లేదు. మన దగ్గరైనా అంతే, తిట్లు తినేది డీలర్, లేకపోతే మీసేవలో కుర్రాడు.

కార్డు తీసేస్తే తీసేయండి, ఎలాంటి కారణంతో తీసేశారో రాసి, కింద ఒక ఆఫీసర్ పేరు, సంతకం పెట్టండి. ముందు ఆ కాగితం ఇంటికి రావాలి, బియ్యం ఆగడం తర్వాత సంగతి.