'రోజుకో అరగంట చాలు' గారికి, ఒక నైట్ డ్యూటీ నర్సు రాసుకున్న లేఖ

అరగంట గారికి,

నమస్కారం. మీకేం, బాగానే ఉంటారు. ఎవరి నోట విన్నా మీ పేరే. "జర్మన్ అంటే ఏముందమ్మా, రోజుకో అరగంట పెడితే చాలు" అని కోచింగ్ సెంటర్ కౌంటర్ దగ్గర కూర్చున్నాయన చెప్పాడు. రెండేళ్ల క్రితం నర్సు ఉద్యోగానికి జర్మనీ ఫ్లైట్ ఎక్కేసిన మా సీనియర్ సిస్టర్ చెప్పింది. ఫోన్‌లో కనపడే ఆ కుర్రాడూ చెప్పాడు, వెనకాల బల్ల మీద చిన్న మొక్క, పక్కన గాజు గ్లాసులో నిమ్మకాయ నీళ్లు, ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టు చప్పుడే లేదు. అందరూ మిమ్మల్ని కళ్లారా చూసినట్టే చెప్పారు. నేనూ నమ్మి పద్నాలుగు నెలలుగా మీ కోసం గుమ్మంలో నిలబడ్డాను. కొత్తల్లుడి కోసం కూడా ఎవరూ ఇన్నాళ్లు చూసి ఉండరు.

మీరు ఎక్కడుంటారో తెలియక రోజంతా వెతికాను. అయిదింటికి లేస్తే పాపకి బాక్సు, మా ఆయనకి బాక్సు, నాకు బాక్సు, అత్తయ్యకి షుగర్ మాత్ర వేశాక టైముకి పడాల్సిన టిఫిను. ఏడుంబావుకి బస్సు. ఎనిమిదికి హ్యాండోవర్, అంటే రాత్రంతా నిలబడ్డ స్టాఫ్ ఇరవై రెండు బెడ్ల సంగతీ నిలబడే చెప్తుంటే పొద్దున వచ్చిన స్టాఫ్ నిలబడే వినడం. ఆ తర్వాత కూర్చునేది కేస్ షీట్లు రాయడానికే. డ్యూటీ రెండింటికి అయిపోతుందని కాగితం మీద ఉంటుంది, బయటపడేసరికి మూడు. నైట్ పడితే మరీ బాగు, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది, ఇంటికొచ్చి పడుకుందామంటే కింద పోర్షన్ వాళ్ల మిక్సీ, గ్యాస్ బండ, కొరియర్ అబ్బాయి. ఇందులో మీరు ఏ మూల దాక్కున్నారో చెప్తే వచ్చి తీసుకెళ్తాను.

బస్సులో దొరుకుతారేమోనని చూశాను. ఆడవాళ్లకి ఉచితం అయ్యాక సీటు దొరకడం అదృష్టం, అందుకని ఒక చెయ్యి పైన రాడ్డు మీద, ఇంకో చెయ్యి బ్యాగు మీద, చెవిలో జర్మన్. కండక్టర్ ఆధార్ చూపించమంటే తీసిచ్చి "బిటె" అన్నాను. ఆయన జీరో టికెట్ చింపి నా చేతిలో పెట్టి, "బిట్టే ఏందమ్మా" అని ముందుకు పోయాడు. "ఇదుగోండి" అన్నందుకు వచ్చిన మర్యాద అది. ఆ తర్వాత రెండు స్టాపుల దాకా పాఠం ఏం నడిచిందో నాకు గుర్తులేదు, నవ్వాపుకోవడమే సరిపోయింది.

మీ లెక్క ఒకటి అడగాలి. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 కావాలి, అంటే భాషకున్న ఆరు మెట్లలో నాలుగోది. బీ2 దాకా రావాలంటే 45 నిమిషాల క్లాసులు 600 నుంచి 800 దాకా పడతాయని జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెప్తారు. తక్కువలో తక్కువ 600 అనుకున్నా 450 గంటలు. రోజుకో అరగంట చొప్పున 900 రోజులు. దగ్గర దగ్గర రెండున్నరేళ్లు, అదీ ఒక్క పండగ, ఒక్క జ్వరం, ఒక్క పెళ్లి, ఒక్క డబుల్ డ్యూటీ లేకుండా. 800 అయితే 1200 రోజులు. మా కోచింగ్ సెంటర్ కరపత్రం మీద మాత్రం "పది నెలల్లో బీ2" అనీ ఉంది, "రోజుకో అరగంట" అనీ ఉంది, రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కనే, ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా, పెళ్లిలో మాటల్లేని తోడికోడళ్లలాగా. పది నెలల్లో అయిపోవాలంటే రోజుకి గంటన్నర కావాలండీ. అంటే మీరు ముగ్గురు రావాలి. ఇక్కడ ఒక్కరికే దిక్కులేదు.

పైగా మీరు రెండు నాలుకల మనిషి అని నాకు ఆలస్యంగా తెలిసింది. మా ఆన్‌లైన్ టీచర్ ఒకరోజు క్లాసు "హాల్బ్ ఆఖ్ట్"కి అన్నారు. ఆఖ్ట్ అంటే ఎనిమిది, హాల్బ్ అంటే సగం, ఇంకేం, ఎనిమిదిన్నర. తీరిగ్గా చపాతీలు చేసి, పాప హోంవర్కు చూసి, జుట్టు కూడా దువ్వుకుని, ఎనిమిదీ ఇరవై అయిదుకి చక్కెర డబ్బాకి ఫోన్ ఆనించి కూర్చుంటే అక్కడ అందరూ "చ్యూస్, చ్యూస్" అని చేతులూపుతున్నారు. చ్యూస్ అంటే టాటా. వాళ్ల లెక్కలో హాల్బ్ ఆఖ్ట్ అంటే ఎనిమిదో గంటలో సగమే అయిందని, అంటే ఏడున్నర అని. మా ఊళ్లో మీరు గంట కొట్టాక వస్తారు, వాళ్ల ఊళ్లో గంట కొట్టకముందే వచ్చేస్తారు. రెండు ఊళ్ల మధ్య నేను మిస్సయింది పూర్తిగా ఒక గంట. మీలాంటి వాళ్లు ఇద్దరు.

సరే, ఒక రాత్రి మీరు నిజంగానే వచ్చారు. పదకొండున్నరకి, అంట్లు తోమాక. పుస్తకం తెరిస్తే ఆ రోజు పాఠం ముక్కలయ్యే క్రియలు. లేవడం అనే మాట వాళ్లకి 'ఔఫ్‌ష్టేయెన్'. వాక్యంలో పెట్టగానే అది రెండుగా విరుగుతుంది, 'ష్టేయె' ముందు వస్తుంది, 'ఔఫ్' పోయి చిట్టచివర కూర్చుంటుంది. "ఇష్ ష్టేయె ఉమ్ ఫ్యున్ఫ్ ఊర్ ఔఫ్", నేను అయిదింటికి లేస్తాను. ఆ చివరి 'ఔఫ్' వస్తే తప్ప లేచినట్టు కాదు. నేను 'ష్టేయె' దగ్గర మొదలుపెట్టాను, మధ్యలో ఎక్కడో కళ్లు మూతపడ్డాయి, పొద్దున చూస్తే పుస్తకం మీద చెంప, చెంప మీద స్పైరల్ బైండింగ్ గుర్తులు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. వ్యాకరణం సంగతి అసలు చెప్పనే లేదు.

నా ఉచ్చారణ గురించి మా ఇంట్లో వేరే అభిప్రాయాలున్నాయి. 'నేను' అనడానికి వాళ్లు 'ఇష్' అంటారు. నేను పొయ్యి దగ్గర "ఇష్ బిన్, ఇష్ హాబె, ఇష్ కొమ్మె" అని గొణుక్కుంటుంటే, హాల్లోంచి అత్తయ్య, "ఎవర్ని తోలుతున్నావమ్మా, పిల్లి వచ్చిందా?" ఆ తర్వాత వాళ్ల రెండు చుక్కల యూ వచ్చింది, 'ఊ' అనడానికి మూతి సున్నాలా పెట్టి లోపల 'ఈ' అనాలి. అద్దం ముందు నిలబడి అది సాధన చేస్తున్నప్పుడు మా ఆయన తలుపు తీసి, రెండు క్షణాలు చూసి, ఏం మాట్లాడకుండా మళ్లీ వేసేశాడు.

మీకో రహస్యం చెప్పనా? బుర్రకి ఎక్కినవేవీ మీరున్నప్పుడు ఎక్కలేదు. అమ్మాయి అన్న మాట వాళ్లకి నపుంసక లింగం, 'డాస్ మేడ్‌షెన్', క్లాసులో అందరం పగలబడి నవ్వాం, ఆడపిల్లని వస్తువుల్లో కలిపేశారని. మర్నాడు గిన్నెలు తోముతుంటే తట్టింది. మనం ఏమంటాం? పిల్ల వచ్చింది. పిల్లి వచ్చింది. బస్సు వచ్చింది. ఒక్క క్రియతో మూడూ వచ్చాయి. మగాడొక్కడే వచ్చాడు. మనమా వాళ్లని నవ్వేది! మసి గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. 'వైల్' అంటే 'ఎందుకంటే' అన్న సంగతీ ఒకరోజు లిఫ్టులో స్థిరపడింది: "వైల్ ఇష్ మ్యూడె బిన్", దాని తర్వాత క్రియ చివరికి పోతుంది, అంటే అచ్చం మన వాక్యమే, "నేను అలసిపోయి ఉన్నాను కాబట్టి". ఇంగ్లీషు వాళ్లకి చెమటలు పట్టే చోట మనకి పుట్టింటి గాలి తగులుతుంది. ఈ ఒక్క వాక్యమైతే నాకు ఎప్పుడు లేపి అడిగినా వస్తుంది, దాని అర్థం వల్ల కూడా కావచ్చు.

ఇంకోటి, వాళ్లు కూడా నర్సుని 'ష్వెస్టర్' అని పిలిచేవాళ్లు, అంటే సిస్టరే. 2020 నుంచి కొత్త చట్టం వచ్చి, చదువు పూర్తి చేసిన ఆడవాళ్లకి 'ఫ్లేగెఫాఖ్‌ఫ్రావ్' అని పెద్ద పేరు పెట్టారు. పలకడానికి నాకే మూడు రోజులు పట్టింది, ఆపరేషనై నొప్పితో ఉన్న పేషెంటు దాన్ని ఎలా కేకేస్తాడో నాకు తెలియదు.

అసలు ఈ లేఖ రాయడానికి కారణం పద్నాలుగో బెడ్. తుంటి ఆపరేషనైన తాత, ఒకప్పుడు బస్సు కండక్టరు. రాత్రి మూడింటికి నిద్రపట్టదు, కొడుకేమో పక్కన బల్ల మీద గుర్రు పెడుతుంటాడు. నేను బీపీ చూసి వస్తుంటే జేబులోంచి నా అట్టముక్కలు కిందపడ్డాయి. గ్లవ్స్ డబ్బాలు ఖాళీ అయ్యాక వాటి అట్ట కత్తిరించి మాటలు రాసుకుంటాను, వాళ్లు ప్రతి మాట ముందూ లింగాన్ని బట్టి ఒక ముక్క పెడతారు కదా, మగ మాటకి డెర్ అయితే నీలం ఇంకు, ఆడ మాటకి డీ అయితే ఎరుపు, రెండూ కాని డాస్ అయితే ఆకుపచ్చ, వెనక తెలుగు అర్థం. అవేంటని అడిగాడు. చెప్పాను. "ఇటియ్యి, నేనడుగుతా" అన్నాడు. జర్మన్ చదవడం ఆయనకి రాదు, కానీ వెనక తెలుగు చదువుతాడు, రంగు చూస్తాడు, అంతే చాలు కదా.

"ఇంజెక్షన్?"

"డీ ష్‌ప్రిట్సె."

తిప్పి చూశాడు. "ఎరుపు. కరెక్టే. రక్తం తీసేది ఎరుపే ఉండాలె. జ్వరం?"

"డీ ఫీబర్."

"తప్పు. పచ్చ." వేలు చూపించి మరీ అన్నాడు, టికెట్ తీసుకోనివాణ్ని పట్టుకున్నట్టు. "నొప్పి?"

"డెర్ ష్మెర్ట్స్."

"నీలం. అంటే మగాడా?"

"అవును తాతా."

"అందుకే చెప్తే వినదు" అని తుంటి వైపు చూసుకున్నాడు.

చేతి గ్లవ్స్‌కి వాళ్లు 'హాండ్‌షూ' అంటారని, అంటే చేతికి వేసుకునే బూటని చెప్తే, నా చేతుల వంక చూసి, "అయితే బూట్లేసుకుని ఇంజెక్షన్ ఇచ్చినవా నాకు" అని నవ్వబోయి, తుంటి నొప్పికి ఆపుకున్నాడు. పద్నాలుగు అట్టలయ్యాయి, పదకొండు కరెక్టు. మీరొచ్చారేమో అనుకున్నాను ఆ పూట. గడియారం చూస్తే పన్నెండు నిమిషాలు. ఇంతలో ఆరో బెడ్ కాల్ బెల్. తాత మూడు తప్పులనూ వేరే కట్టగా తీసి దిండు కింద పెట్టుకుని, "ఇవి రేపడుగుతా" అన్నాడు. ఆ మూడు మాటలూ చచ్చేదాకా మర్చిపోను. డాస్ ఫీబర్, డాస్ కిస్సెన్, డీ డెకె. జ్వరం, దిండు, దుప్పటి.

ఆ నెలలోనే బీ1, అంటే బీ2కి ముందు మెట్టు, రాశాను. పరీక్ష నాలుగు ముక్కలు, చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం, ఒక్కోదాంట్లో 100కి 60 రావాలి. ఫలితాల రోజు నేను డ్యూటీలో ఉన్నాను, ఫోన్ లాకర్లో, అందుకని నా వివరాలిచ్చి టీచర్నే చూడమన్నాను. బ్రేక్‌లో ఫోన్ చేస్తే మూడు ముక్కలు పాసయ్యానని చెప్పి, వినడంలో "జీబెన్ ఉంట్ ఫ్యున్ఫ్‌సిష్" అన్నారు. ముందు ఏడు, తర్వాత యాభై. నా చెవికి డెబ్బై అయిదులా తగిలి రెండు క్షణాలు గాల్లో తేలాను. 57 అండీ. వినడంలో ఎందుకు పోయిందో వినడంలోనే తెలిసిపోయింది. మా అత్తయ్య శుక్రవారం శుక్రవారం అష్టోత్తరం చదువుతుంది, అదీ ముందు ఎనిమిది, తర్వాత నూరు, అదే లెక్క, ఇంట్లోనే ఉంది, నేనే ఎప్పుడూ చెవిన పెట్టలేదు. ఇంకో మాట, నవ్వులాట కాదు, వార్డులో ఎవరైనా పల్స్ 75 అని చెప్తే నేను 57 అని రాసుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే మూడు మార్కులకి ఏడవలేదు. వినడం ఒక్కటే మళ్లీ కట్టుకోవచ్చట, ఫీజు కట్టాను. మా ఆయన "ఈసారైనా రోజుకో అరగంట..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి, పాపని స్కూల్ బస్సు ఎక్కించి వస్తానని లేచాడు. ఆ రోజు ఆదివారం.

కాబట్టి అరగంట గారూ, మీ మీద నాకిప్పుడు కోపం లేదు. మీరు రారని అర్థమైంది. మీ చిన్న తమ్ముళ్లు వస్తున్నారు, లిఫ్టులో నిమిషంన్నర, కుక్కర్ మూడో కూత లోపు నాలుగు నిమిషాలు, నెబ్యులైజర్ పెట్టి నిలబడ్డప్పుడు ఎనిమిది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచే పోతారు, టీ కూడా అడగరు. ఒక్క మనవి, నా పేరు చెప్పి ఇంకెవరికీ హామీ ఇవ్వకండి. ముఖ్యంగా మా వార్డుకి కొత్తగా చేరిన ఆ ఇద్దరు అమ్మాయిలకి. నిన్ననే కరపత్రం పట్టుకొచ్చారు.

మీకు మరీ మొహమాటంగా ఉంటే రేపు నాకు ఆఫ్, ఒక్కసారి రండి. హాల్బ్ ఫ్యున్ఫ్‌కి. అయిదున్నర అనుకుని బద్ధకంగా రాకండి, నాలుగున్నర, వాళ్ల లెక్క. అత్తయ్య లేవకముందు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. నేనూ ఒక వాక్యం రాసి ఫ్రిజ్ మీద అంటించాను: ఇష్ ష్టేయె ఉమ్ హాల్బ్ ఫ్యున్ఫ్.

'ఔఫ్' సంగతి అలారం మోగాక చూద్దాం.

ఇట్లు,
పద్నాలుగో బెడ్ సిస్టర్