‘ట’ రాలిపోయిన మాటలు

మా నాన్నకు పుట్టినరోజులు రెండు. ఎస్సెస్సీ సర్టిఫికెట్‌లో 1947 జులై 1 అని ఉంటుంది. నాయనమ్మ లెక్క వేరు: పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు, దసరా వెళ్ళిన వారానికి. అంటే 1948 అక్టోబరు. బడిలో చేర్చిన రోజున పంతులుగారు పిల్లవాడి కుడిచెయ్యి తల మీదుగా ఎడమ చెవికి అందుతుందో లేదో చూశారు. అందింది కాబట్టి ఐదేళ్ళు నిండినట్టేనని తీర్మానించి, రిజిస్టరులో జులై 1 వేసేశారు. ఆ తరం వాళ్ళను కదిపి చూడండి, జులై ఒకటిన పుట్టినవాళ్ళు వీధికి నలుగురు తేలతారు. ఆ రిజిస్టరు ప్రకారమే నాన్న 2005 జూన్ 30న రిటైరయ్యారు. నాయనమ్మ మాటే చెల్లి ఉంటే ఇంకో 16 నెలలు జీతం వచ్చేది.

ఏ తేదీ నిజమని అడిగితే నాన్న నవ్వి, “దసరా తరవాత పుట్టానట” అంటారు. తాను పుట్టిన సంగతి కంటే మనిషికి సొంతమైనది ఏముంటుంది? అది కూడా అరువు తెచ్చుకున్నదే. పుట్టినప్పుడు అక్కడే ఉన్నాడు, అయినా సాక్షి కాడు. చూసిన నాయనమ్మ చేతిలో కాగితం లేదు, కాగితం రాసిన పంతులుగారు చూడలేదు. ప్రభుత్వం కాగితాన్ని నమ్మింది. దానికి వేరే దారి లేదనుకోండి, అది వేరే కథ.

ఆ ‘ట’ సామాన్యమైన అక్షరం కాదు. ‘రాత్రి వాన పడింది’ అంటే చూసినవాడి మాట. పొద్దున లేచి తడిసిన వాకిలి చూస్తే ‘వాన పడ్డట్టుంది’ అంటాం. పక్కింటావిడ చెబితే ‘వాన పడిందట’. వాన ఒకటే, అది మనకు చేరిన దారులు మూడు. తర్కం చదివినవాళ్ళు వీటినే ప్రత్యక్షం, అనుమానం, శబ్దం అంటారు (ఇక్కడ అనుమానమంటే సందేహం కాదు, గుర్తును బట్టి ఊహించడం). మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయ దర్శనం వీటికి ఉపమానాన్ని, అంటే పోలికను, కలిపి ప్రమాణాలు, అంటే తెలుసుకునే దారులు, నాలుగంటుంది. మా నాయనమ్మకు ఈ పేర్లేవీ తెలియవు గాని, ఏ క్రియకు ఏ తోక తగిలించాలో ఎన్నడూ పొరబడలేదు.

అయితే మన ‘ట’ తప్పనిసరి కాదు. టర్కీ భాషలో జరిగిపోయిన సంగతి చెప్పాలంటే, చూసి చెబుతున్నావో విని చెబుతున్నావో క్రియలోనే తేల్చుకోవాలి. అమెజాన్ అడవుల్లోని తుయుకా భాషలో ఇలాంటి ప్రత్యయాలు ఐదు రకాలు. తెలుగులో పెట్టడం, పెట్టకపోవడం చెప్పేవాడి ఇష్టం. మనిషి బుద్ధి దూరేది ఆ సందులోంచే. ‘కాకరకాయ రసం తాగితే షుగరు తగ్గిపోతుందట’ అని పొద్దున విన్నవాడు సాయంత్రానికి ‘తగ్గిపోతుంది’ అంటాడు. అబద్ధం ఆడాలని కాదు. ‘ట’తో చెబితే మోసుకొచ్చినవాడవుతాడు, అది లేకుండా చెబితే తెలిసినవాడవుతాడు. మోసుకొచ్చినవాడికి ఎవరు కుర్చీ వేస్తారు?

‘నేను కళ్ళతో చూసిందే నమ్ముతాను’ అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణమన్న చార్వాకులు వాళ్ళకు పూర్వీకులు. ఆ పట్టుదలతో ఒక్క పూట గడపడం కూడా కష్టం. మాత్రలో ఉన్నది మందేనని, భూమి తిరుగుతోందని, ఫలానావాళ్ళు మన ముత్తాతలని ఎవరో చెప్పగా విన్నాం, అంతే. చార్వాకుల గురించి ఇవాళ మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం వాళ్ళను ఖండించినవాళ్ళు రాసిపెట్టిందే కావడం ఇందులో చమత్కారం.

పోనీ, రోజూ చూసేవైనా మనకు తెలుసా? 2002లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన రోజెన్‌బ్లిట్, కీల్ అనే పరిశోధకులు జిప్పు, ఫ్లష్ వంటి వస్తువులు ఎలా పనిచేస్తాయో ఎంత తెలుసో మార్కులు వేసుకోమన్నారు. జనం ధారాళంగా వేసుకున్నారు. ఆ తరవాత, అయితే వివరంగా రాయండి అన్నారు. రాయబోయి తడుముకున్నాక మార్కులు వాళ్ళే తగ్గించుకున్నారు. 2006లో లివర్‌పూల్ పరిశోధకురాలు రెబెకా లాసన్ సైకిలు బొమ్మతో ఇలాంటి పరీక్షే పెట్టారు. చైను రెండు చక్రాలకూ తగిలించినవాళ్ళు కూడా అందులో ఉన్నారు.

నవ్వుకుని, నేనూ ఒక కాగితం తీసుకున్నాను. ఐదేళ్ళు సైకిలు మీదే కాలేజీకి వెళ్ళినవాణ్ణి. చక్రాలు గీశాను, సీటు గీశాను, పెడల్ నుంచి చైను లాగి ముందు చక్రానికి కలిపాను. కాసేపటికి అనుమానం వచ్చింది, ఇలాగైతే హ్యాండిల్ తిప్పేదెట్లా అని. చైను ఊడినప్పుడల్లా నేను చేసింది సైకిలును మూలమీద షాపుకు నడిపించుకుపోవడమే. చేతులకు గ్రీజు అంటుకున్నది ఆ షాపాయనకు. ఆయనకు తెలుసు కాబట్టి నాకూ తెలిసినట్టే ఉండేది. పక్కవాడికి తెలిసినదాన్ని మన ఖాతాలో జమ వేసుకోవడం ఇంత సులువు. ఫోనులో వెతికితే దొరుకుతుందన్న ధీమా కూడా ఈ బాపతే.

కాబట్టి ఇతరుల మాట నమ్మడం బలహీనత కాదు, గత్యంతరం లేని పని. ఎవరి మాట అన్నదే అసలు ప్రశ్న. దానికి మన తర్కం ఇచ్చిన జవాబు ‘ఆప్తుడి మాట’. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడని చెబుతారు. కాశీకి పోయినంత మాత్రాన అన్నంభట్టు అయిపోడని సామెత కూడా ఉంది. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు: ఆప్తుడంటే యథార్థవక్త, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. ఆయనకు వెయ్యేళ్ళకు పైగా ముందే న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇంకొంచెం విప్పాడు. ఆ విషయాన్ని సాక్షాత్తూ ఎరిగి ఉండాలి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం రుషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒకటే అని కూడా అన్నాడు. ముక్కూ మొహం తెలియని పరదేశి కూడా ఆప్తుడు కావచ్చన్నమాట.

ఇప్పుడు అదే మాట మన తెలుగులో ఏమైందో చూడండి. ఆప్తుడంటే దగ్గరివాడు. ఆప్తమిత్రుడు, ఆప్తబంధువు, శుభలేఖల మీద ‘బంధుమిత్ర ఆప్తులు’. తెలిసి చెప్పేవాడు కాస్తా మనవాడైపోయాడు. మనిషి నమ్మకం నడిచే తీరు మొత్తం ఈ ఒక్క అర్థమార్పులో ఉందని నాకనిపిస్తుంది.

పాత రోజుల్లో దీనివల్ల పెద్ద నష్టం లేకపోయింది. అంగడిలో గేదె ధర ఎంత పలికిందో చెప్పిన బావమరిది ఆ అంగడికి వెళ్ళొచ్చినవాడే. తప్పు చెబితే తెల్లారి నిలదీయడానికి ఎదురిల్లే. దగ్గరివాడు, ఎరిగినవాడు చాలా విషయాల్లో ఒకడే కావడంతో రెండు అర్థాలూ ఒకే మాటలో సర్దుకుపోయాయి. ఫోను వచ్చి ఈ ఇద్దరినీ విడదీసింది. పంపినవాడు మామయ్య, ఎరిగినవాడు ఎవడూ లేడు. మామయ్య సాక్షి కాదు, తపాలా బంట్రోతు. పైగా విన్న మాటను మన నోటితో తిరిగి చెప్పేటప్పుడు ‘ట’ చేర్చే అవకాశమైనా ఉండేది. ఫార్వర్డులో నోరే లేదు. ఎవడో ‘తగ్గిపోతుంది’ అని రాసింది చెక్కు చెదరకుండా అలాగే వస్తుంది.

మా కుటుంబం గ్రూపులో ఒకసారి మా మేనమామ గుండెపోటుకు వంటింటి చిట్కా ఒకటి పంపారు. “ఇది ఎవరు చెప్పారు మామయ్యా?” అని అడిగాను. పది నిమిషాలు ఏమీ రాలేదు. తరవాత ఫోను మోగింది. “అంటే నేను అబద్ధం చెబుతున్నానంటావా?” అన్నారు. గొంతులో నిజంగానే నొప్పి ఉంది. నేను అడిగింది చిట్కా గురించి, ఆయనకు వినిపించింది మా బంధుత్వం గురించి. ఆప్తుడిలోని ఆ రెండు అర్థాలకు రెండు వేరు మాటలుంటే ఆ ఫోను కాలే వచ్చేది కాదు.

వదంతి ఒక్కోసారి నిజం కావడం వల్ల చిక్కు ఇంకా ముదురుతుంది. 8వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడు చెప్పిన ఉదాహరణ ఒకటుంది. మాంసం కాల్చడానికి ఎవరో నిప్పు రాజేశారు. ఇంకా పొగ లేవలేదు, మాంసానికి ఈగలు ముసిరాయి. దూరం నుంచి చూసినవాడు ఆ ఈగల గుంపును పొగ అనుకుని, అక్కడ నిప్పుంది అన్నాడు. నిప్పు ఉంది కూడా. వాడికి తెలిసినట్టా? 1963లో ఎడ్మండ్ గెటియర్ అనే అమెరికన్ ఆచార్యుడు మూడు పేజీల వ్యాసంలో ఇలాంటి ప్రశ్నే వేస్తే, పడమటి దేశాల తత్వవేత్తలు ఇప్పటికీ జవాబులు రాస్తున్నారు. నా మటుకు నాకు, తెలియలేదనే అనిపిస్తుంది. కాని ఈగల్ని చూసి నిప్పు చెప్పినవాడు మర్నాడు గ్రూపులో ‘చూశారా, నేను ముందే చెప్పాను’ అంటాడు. తరవాతి పది ఈగల గుంపులకు అదే పూచీ.

ఇక పదేపదే వినడం ఉండనే ఉంది. 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టొప్పినో అనే పరిశోధకులు కొన్ని వాక్యాలను రెండేసి వారాల తేడాతో మూడుసార్లు వినిపించారు. నిజమో కాదో తెలియని వాక్యాలే, మళ్ళీ మళ్ళీ వినబడినవి మరింత నిజమనిపించాయి. ఒకే ఫార్వర్డు అపార్ట్‌మెంట్ గ్రూపులో, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, పెళ్ళివారి గ్రూపులో కనిపిస్తే ముగ్గురు సాక్షులు చెప్పినట్టే ఉంటుంది. ఉన్నది ఒక్క నోరు.

శబ్దం వేరే ప్రమాణం కాదు, అనుమానంలోనే ఒక రకం అన్నారు వైశేషికులనే మరో దర్శనం వాళ్ళు. అంటే, మాట విన్నాక చెప్పినవాడు నమ్మదగినవాడా అని లెక్క వేసి నమ్ముతామని. 1748లో స్కాట్లండు తత్వవేత్త హ్యూమ్ కూడా ఇంచుమించు ఇదే అన్నాడు. న్యాయ దర్శనం వాళ్ళు, అంటే నైయాయికులు, ఒప్పుకోలేదు. మనం నిజంగా ఎలా ప్రవర్తిస్తామన్నది ప్రశ్న అయితే నా ఓటు నైయాయికులకే. మనం లెక్క వేయం, ముందు నమ్మేస్తాం. ఎలా ప్రవర్తించాలన్నది ప్రశ్న అయితే మాత్రం వైశేషికుల మాట వినాలి.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి దేశమంతా పాకింది. చాలా రాష్ట్రాల్లో దారిన పోయే అపరిచితులను కొట్టి చంపారు. తెలంగాణలోనూ ప్రాణాలు పోయాయి. ఆ ఏడు జులైలో వాట్సాప్ ఫార్వర్డు చేసిన సందేశం మీద ఆ సంగతి తెలిపే ముద్ర వేయడం మొదలుపెట్టింది, మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. తెలుగువాడు ఊరికే వదిలేసుకున్న ‘ట’ను కాలిఫోర్నియా కంపెనీ యంత్రంతో అతికించిందన్నమాట. అదీ సన్నటి బూడిదరంగు అక్షరాల్లో.

అంతకు ముందే జోగులాంబ గద్వాల జిల్లాలో మరో రకం ప్రయత్నం జరిగింది. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊళ్ళకు కానిస్టేబుళ్ళను కేటాయించి, తరచూ వెళ్ళి జనంతో మాట్లాడుతుండమన్నారు. మార్చి నెలాఖరున ఒక కానిస్టేబులు వింత గమనించారు. ఎండాకాలం ఆరుబయట మంచాలు వేసుకోవలసిన జనం పొద్దుగూకగానే లోపలికి పోయి తలుపులు బిగించుకుంటున్నారు. ఆరా తీస్తే ఫోన్లలో తిరుగుతున్న వీడియోలు బయటపడ్డాయి. పోలీసులు ఊరూరా తిరిగారు, జానపద కళాకారులతో పాటలు కట్టించారు. ఆమె పరిధిలోని పల్లెల్లో ఆ వదంతికి ఒక్క ప్రాణమూ బలికాలేదు. పాటల గురించే అందరూ రాశారు గాని, నన్ను ఆకట్టుకున్నది ఆ మంచాల సంగతి. ఊరివాళ్ళు తమ ఫోను తీసి ఒక పోలీసు చేతికిచ్చి ‘ఇది నిజమేనా’ అని అడిగారంటే, అప్పటికే ఆయన దగ్గరివాడైనట్టు. కనుక్కుని వచ్చి చెప్పగలడు కాబట్టి ఎరిగినవాడు కూడా. రెండు అర్థాలూ మళ్ళీ ఒక మనిషిలో కలిశాయి. ఇది ఎన్ని ఊళ్ళలో, ఎన్నేళ్ళు సాగించగలమన్నది వేరే ప్రశ్న. దానికి జీతాలు కావాలి.

మామయ్యతో రెండు నెలలు మాటలు సరిగ్గా లేవు. దసరాకు ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న జులై ఒకటి కథ ఎత్తుకుని, చెవి అందిన ఘట్టం దగ్గర అందరినీ నవ్వించారు. మామయ్య కూడా జులై ఒకటే. ఆ నవ్వులో నేను మెల్లగా అన్నాను: “మిమ్మల్ని నమ్మక కాదు మామయ్యా, మీకు పంపినాయనకు ఎవరు చెప్పారని.” ఆయన ఏమీ అనలేదు. ఆ తరవాత నుంచి ఫార్వర్డుల పైన ఒక ముక్క కనిపించడం మొదలైంది: ‘నాకొచ్చింది, నిజమో కాదో చూడండి.’ మూడు వారాలు ఉంది ఆ ముక్క. నిన్న వచ్చినదాని మీద మాత్రం లేదు.