తప్పు బంగారానిదే

పరారుణ కాంతి తగిలితే పలుచటి లోహపు పొర ఏం చేస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే విద్య ఇవాళ ఎంతో ఎదిగింది. ఎదగనిదల్లా లోహమే. ల్యాబ్‌లో గాజు మీద పూసిన బంగారం నేటికీ మన గ్రాఫ్ మాట వినడం లేదు. సంబంధిత అధికారులు దీన్ని తీవ్రంగా పరిగణించాలని మనవి.

మోడల్‌లో లోపముండే ప్రసక్తే లేదు. 1900లోనే జర్మన్ భౌతికశాస్త్రవేత్త పాల్ డ్రూడ్ మహాశయుడు పునాది వేశాడు: ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతాయి, అప్పుడప్పుడు దేన్నో ఢీకొంటాయి, అంతే. లోహాల్లో వేడికీ కరెంటుకూ ఉన్న లంకె లెక్కలో ఆయన జవాబు రెండింతలు తప్పింది. ఆ తప్పు జవాబే ప్రయోగంతో ముచ్చటగా కుదిరింది! మన శాఖకు ముహూర్తబలం అలాంటిది.

ఆ ఢీకొనే రేటు పేరు గామా. మా గ్రాఫ్ గీత ప్రయోగంతో కలవకపోతే గామా కాస్త పెంచుతాం. అప్పటికీ కలవకపోతే ఇంకాస్త. పలుచటి పొరలో ఎలక్ట్రాన్లు అంచులకూ, స్ఫటికాల సరిహద్దులకూ తగిలి ఎక్కువగా చెదురుతాయి కనుక కారణానికి లోటు లేదు. రెండింతలా, మూడింతలా అన్నది గీత కలిసిన చోట తేలుతుంది. సంబంధం కుదరడానికి పుట్టిన గడియ సవరించే పంతులుగారిని ఎవరైనా తప్పుపడతారా?

ఇక బంగారం బాధ్యతారాహిత్యం చూడండి. 5 నానోమీటర్ల మందాన పరుచుకోమంటే గాజు మీద ముద్దలు ముద్దలుగా, దీవుల్లా విడిపోయి కూర్చుంటుంది. మా ప్రోగ్రామ్‌లో అదే పొర ఈ చివర నుంచి ఆ చివరకు నున్నగా ఉంటుంది మరి!

మేం ఊరికే కూర్చోలేదు. స్థలాన్ని గడులుగా, కాలాన్ని ముక్కలుగా కోసి కాంతి నడకను లెక్కగట్టే ఎఫ్‌డీటీడీ పద్ధతిలో మూడు దిక్కులా 1 నానోమీటరు గడులు గీస్తే, 10 మైక్రాన్ల తరంగదైర్ఘ్యమున్న కాంతి ఒక్కసారి ఊగేసరికి కాలాన్ని 17 వేలకు పైగా ముక్కలు చెయ్యాలి. చదునైన పొరకైతే చిన్న మాత్రికలతో ల్యాప్‌టాపే రెప్పపాటులో జవాబు చెప్పేస్తుందట. చెబుతుంది, కానీ దానికి సర్వర్ గ్రాంటు ఎవడిస్తాడు?

మొన్న ఓ కొత్త కుర్రాడి లెక్కలో బంగారం 102 శాతం కాంతిని తిప్పికొట్టింది. కాంతి ఊపును రాయడానికి ఊహా సంఖ్య ముందు ఏ గుర్తు పెట్టాలో ఒక్కో పుస్తకానిది ఒక్కో ఆచారం; వాడు ఒక పుస్తకంలోంచి మైనస్ ఐ, ఇంకో పుస్తకంలోంచి ప్లస్ జె తెచ్చి కలిపాడు. దాంతో కాంతిని మింగాల్సిన లోహం వడ్డీతో సహా తిరిగిచ్చేసింది. గైడుగారు కళ్లజోడు సర్దుకుని గ్రాఫ్‌ను చాలాసేపు పరిశీలించి, నిలువు అక్షాన్ని 100 దగ్గర కత్తిరించమన్నారు.