నదిలో చోటు పట్టడానికి ఫోన్ ఒక్కటే చాలదు

2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర చిక్కుకున్నప్పుడు అవి ఎక్కడున్నాయో విజయవాడ అంతటికీ తెలుసు. అయినా తీయడానికి రోజులు పట్టింది. అదే పడవ ఎగువన భవానీ ద్వీపం దగ్గర నడినీటిలో మునిగి ఉంటే, తీయడం మాట తర్వాత, చోటు తేల్చుకోవడమే పెద్ద పని అయ్యేది.

ఈరోజు అందరి భరోసా ఫోన్ మీదే. ఆకాశం తెరిపిగా ఉంటే మామూలు ఫోన్ చూపే స్థానంలో దాదాపు 5 మీటర్ల తేడా ఉండవచ్చు. ఊళ్లో ఇల్లు వెతకడానికి అది లెక్కలోకి రాదు గాని, బురదనీటిలో చేతులతో తడుముతూ వెతికే గజ ఈతగాడికి అది చాలా దూరం. పైగా సెకనుకు ఒక మీటరు వేగంతో నీరు పారుతుంటే, తెర చూసి లంగరు వదిలేలోపు గడిచే 10 సెకన్లలో పడవ మరో 10 మీటర్లు దిగువకు జారిపోతుంది. అంకెలు చెప్పుకోవడంలో జరిగే పొరపాటు ఇంతకంటే ప్రమాదకరం: విజయవాడ అక్షాంశమైన 16.51 డిగ్రీలను ఎవరైనా 16 డిగ్రీల 51 నిమిషాలుగా రాసుకుంటే, ఆ చోటు ఉత్తరంగా సుమారు 38 కిలోమీటర్లు జరిగిపోతుంది.

ఇక్కడే ఒడ్డు గుర్తుల పాత పద్ధతి ఇంకా పనికొస్తుందని నా అభిప్రాయం. ఘాట్ మీది దీపస్తంభం, దాని వెనక ఇంద్రకీలాద్రి మీది ఏదో ఒక కదలని కట్టడం ఒకే వరసలో కనిపిస్తే, పడవ ఆ గీత మీద ఉన్నట్టే. దగ్గరి గుర్తు 200 మీటర్లలో, దూరపుది కిలోమీటరులో ఉంటే, పడవ ఒక్క మీటరు పక్కకు జరిగినా రెండూ చందమామ వెడల్పులో సుమారు సగం మేర విడిపోయి కనిపిస్తాయి. రెండు గుర్తులూ దూరంగానే ఉంటే ఆ తేడా కంటికి ఆనదు. అయితే ఒక్క గీతతో చోటు తేలదు, దాన్ని మరో గీత కోసే బిందువే అసలు చోటు. ఆ రెండో గీతకు మాత్రం ఎదుటి ఒడ్డున సీతానగరం వైపు చూసి లాభం లేదు, అది మొదటి గీతకు దాదాపు సమాంతరంగానే పోతుంది. ఎగువకో దిగువకో చూసి, మొదటిదాన్ని అడ్డంగా కోసే జతను ఎంచుకోవాలి. చెట్లను నమ్మకూడదు, వరదకు పోతాయి. తెరతో పని లేకుండా, లంగరు తాడు వదులుతున్నప్పుడు కూడా పడవ జారుతోందో లేదో కళ్లకే తెలిసిపోవడం ఈ పద్ధతిలోని అసలు బలం.

దీనికీ హద్దులున్నాయి. రాత్రివేళ, మంచులో పనికిరాదు. మచిలీపట్నం తీరం లాంటి పల్లపు చోట ఒడ్డు కొంత దూరానికే కనుమరుగవుతుంది, అక్కడ ఉపగ్రహాలే దిక్కు. కృష్ణా జలాశయంలో మాత్రం రెండు ఒడ్లూ కంటికి అందుతాయి. కాబట్టి గాలింపు బృందాలు ఫోన్ అంకెలను దశాంశ డిగ్రీలలోనే రాయాలని నియమం పెట్టుకుని, వాటి పక్కనే రెండు జతల గుర్తుల పేర్లు, ఆ గంటకు బ్యారేజీ నీటిమట్టం, ఆ రెండు జతలను పడవలోంచి తీసిన ఫోటోలు కూడా నమోదు చేయాలి.