సవరణ: 25 రెట్ల ఐపీస్ గురించి నేను రాసింది తప్పు
తక్కువ ఖర్చు మైక్రోస్కోప్ గురించి మొన్న రాసిన పోస్టులో, స్లైడు వైపుండే 40 రెట్ల ఆబ్జెక్టివ్‌తో కంటి దగ్గరుండే ఐపీస్ 10 బదులు 25 రెట్లది పెడితే 1000 రెట్లు చూడొచ్చని, ఇంకేమీ కొనక్కర్లేదని చెప్పాను. లెక్క సరే, సలహా తప్పు. బొమ్మ పెద్దదవుతుంది గానీ కొత్త వివరం ఏమీ రాదు. మసక కూడా దాంతోపాటే పెరుగుతుంది.

ఎంత సన్నని వివరం విడిగా కనబడుతుందో తేల్చేది ఆబ్జెక్టివ్ మీద 40 పక్కనే ఉండే 0.65 అంకె. దాన్ని న్యూమరికల్ అపర్చర్ అంటారు. మొత్తం మాగ్నిఫికేషన్ దానికి వెయ్యి రెట్లు, అంటే ఇక్కడ 650 దాటితే దండగే. 15 రెట్ల ఐపీస్ దాకా ఫరవాలేదు. నిజంగా 1000 కావాలంటే 10 రెట్ల ఐపీస్‌తో 1.25 అంకె ఉన్న 100 రెట్ల ఆబ్జెక్టివ్, దానికీ స్లైడుకీ మధ్య వేసే ఒక చుక్క ఇమ్మర్షన్ ఆయిల్ కావాలి. (కొబ్బరి నూనె వేయొచ్చా అని ఒకరు అడిగారు. వద్దండీ.)

ఇంకొకటి. మర సరిపోతే ఏ ఆబ్జెక్టివ్ అయినా నడుస్తుందన్నాను. అదీ తప్పే. 160 మిల్లీమీటర్ల ట్యూబ్ ఉన్న బాడీకి 160 అని రాసి ఉన్నదే కొనండి. ఇన్ఫినిటీ గుర్తు (∞) ఉన్నది వేరే రకం బాడీకి చేసింది. చక్కగా బిగుసుకుంటుంది, బొమ్మే సరిగ్గా రాదు.

నా మాట విని 25 రెట్లది కొన్నవాళ్లు క్షమించాలి. నాదీ ఒకటి డ్రాయర్లో పడి ఉంది.